పాఠకుల ప్రశ్నలు, జవాబులు: పరదేశంలో సువార్త సేవకు వెళ్లిన మన పిల్లలు

ఈ మధ్య మాకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి విషయం ఒక్కటే. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపలకతో ఇద్దరిద్దరుగా తిరిగే యువ మిషనరీల గురించి, ముఖ్యంగా ఆ సేవ కోసం విదేశాలకు వెళ్తున్న తెలుగు పిల్లల గురించి పాఠకులు అడుగుతున్నారు. వీరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినవారు. బయటివారు మోర్మన్లు అని పిలిచేది వీరినే. ఈ శీర్షిక రాస్తున్న నేను ఆ సంఘంలోనే పెరిగి, ఉత్తర ఇంగ్లండులో అదే సేవ చేసి వచ్చినవాడిని కాబట్టి జవాబు చెప్పే బాధ్యత సంపాదకులు నాకు అప్పగించారు. నా విశ్వాసాన్ని ఎవరి మీదా రుద్దే ఉద్దేశం నాకు లేదు. అడిగినదానికి తెలిసినంతవరకు సూటిగా చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. డిగ్రీ మొదటి సంవత్సరం అయింది. రెండేళ్ల సేవకు ఇంగ్లండు రమ్మని పిలుపు వచ్చింది. వాడి సంతోషానికి హద్దు లేదు. నేను పైకి నవ్వుతున్నాను గానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పొద్దున లేచింది మొదలు వాడు అక్కడ ఏం చేస్తాడు, ఎవరితో ఉంటాడు, ఏం తింటాడు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు? రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాకూడదట, నిజమేనా? (ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, ముందుగా చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. అవును, నిజమే. అబ్బాయిలకు సేవాకాలం రెండేళ్లు, అమ్మాయిలకు పద్దెనిమిది నెలలు. మధ్యలో సెలవు మీద ఇంటికి రావడం అనేది ఉండదు. ఏ దేశం వెళ్లాలో కోరుకునే వీలు కూడా ఉండదు. బిషప్పు, అంటే స్థానిక సంఘ పెద్ద, ఆ పైవారు ముఖాముఖి మాట్లాడి, వైద్య పరీక్షలూ పళ్ల పరీక్షలూ చేయించి దరఖాస్తు పంపితే, అమెరికాలో సంఘ ప్రధాన కార్యాలయం ఉన్న సాల్ట్ లేక్ సిటీ నుంచి వచ్చే పిలుపులోనే ఊరు, భాష, బయలుదేరవలసిన తేదీ ఉంటాయి. 2012 అక్టోబరుకు ముందు అబ్బాయిలు 19 ఏళ్లు నిండితే గానీ వెళ్లేవారు కాదు. ఆ నెలలో ఆ వయసును 18కి తగ్గించారు. అందుకే ఇప్పుడు మీ అబ్బాయి కన్నా చిన్నవారు కూడా, ఇంట్లో అన్నం కూడా వడ్డించుకోని పిల్లలు, పరాయి దేశంలో తమ వంట తామే చేసుకుంటూ కనిపిస్తున్నారు.

మొదట శిక్షణ కేంద్రంలో ఉంటాడు. వెళ్లే చోటి భాష ముందే వచ్చినవారికి ఈ శిక్షణ సుమారు మూడు వారాలు, కొత్త భాష నేర్చుకోవలసినవారికి ఆరు నుంచి తొమ్మిది వారాలు. అందులో కొంత భాగం ఇప్పుడు బయలుదేరక ముందే ఇంటి దగ్గర ఆన్‌లైన్‌లో జరుగుతుంది. ఇంగ్లండులోని కేంద్రం ప్రెస్టన్ పక్కనున్న చోర్లీ ఊళ్లో, 1998లో ప్రారంభమైన వారి దేవాలయం ఆవరణలో ఉంది. చుట్టూ పచ్చని పొలాలు, కనుచూపు మేరలో కొండలు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ చోటు చూడగానే సగం భయం తీరుతుంది. మిగతా సగం బయట అడుగుపెట్టాక మొదలవుతుంది, అది వేరే సంగతి.

ఇక దినచర్య. పొద్దున ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, ఆ తర్వాత స్నానం, టిఫిను. ఎనిమిది గంటలకు పుస్తకాల ముందు కూర్చుని మొదట ఒక్కడే, ఆ తర్వాత తోడున్న సహచరుడితో కలిసి లేఖనాలు చదవాలి. పది గంటలకల్లా వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో గదికి చేరి, మరునాటి పనులు రాసుకుని, పదిన్నరకు దీపం ఆర్పాలి. చాలాకాలం ఈ పట్టికను ప్రపంచమంతటా ఒకే తీరుగా పాటించారు. 2017 నుంచి ఊరి అలవాట్లను బట్టి వేళలు కొంత అటూ ఇటూ జరుపుకునే వెసులుబాటు ఇచ్చారు. సినిమాలు, టీవీ, ప్రేమ వ్యవహారాలు ఈ రెండేళ్లూ నిషిద్ధం. టీ, కాఫీ, పొగాకు, మద్యం అయితే ఆ సంఘ సభ్యులెవరూ ఎప్పుడూ ముట్టకూడదు.

వీధిలో పదకొండు గంటలు ఏం చేస్తారని మీరు అడుగుతారు. నిజం చెప్పాలంటే ఎక్కువ భాగం నడుస్తారు. తలుపులు తడతారు, బస్టాపుల్లో పలకరిస్తారు, ఫోనులో సందేశాలకు జవాబులు రాస్తారు, రమ్మన్నవారి ఇంటికి వెళ్లి పాఠం చెబుతారు, ఆరాధనకు రాలేకపోయిన సభ్యులను చూసి వస్తారు. పాఠం చెప్పే అరగంట కోసం మూడు నాలుగు గంటలు తిరిగిన రోజులు అందరికీ ఉంటాయి. డిసెంబరులో ఉత్తర ఇంగ్లండులోని లాంకషైరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. చీకటి పడ్డాక ముక్కూ ముఖం తెలియనివారికి ఎవరు తలుపు తీస్తారు? జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది, ఆ రోజుల్లో జనం ఇళ్ల ముందు నిలబడి నవ్వుతూ మాట్లాడతారు. మీ అబ్బాయి ఏ నెలలో వెళ్తున్నాడో మీరు రాయలేదు. శీతాకాలంలో వెళ్తుంటే మొదటి రెండు నెలల దిగులు సగం వాతావరణం వల్లనే వస్తుందని ముందే చెప్పి పంపండి.

మేమున్న వీధుల్లో ఒక దానిలో వృద్ధ దంపతులు ఉండేవారు. ఇటుక ఇళ్లు వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే వీధి. వారు మా మాట వినబోమని మొదటి రోజే మర్యాదగా చెప్పేశారు. కానీ పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు, చెత్తబండి వచ్చే రోజున చక్రాల చెత్తడబ్బాను సందు చివరిదాకా లాగలేక అవస్థ పడేవారు. ఆ పని మేం చేస్తామన్నాం. ప్రతి వారం డబ్బా బయట పెట్టి, బండి వెళ్లాక మళ్లీ లోపల పెట్టేవాళ్లం. వాన పడిన రోజు ఆ పెద్దమ్మ మా తడి మేజోళ్లు విప్పించి, గోడకున్న వేడి గొట్టాల మీద పరిచి, అవి ఆరేదాకా కూర్చోబెట్టి నారింజ రసం ఇచ్చేవారు. మతం గురించి వారు ఎన్నడూ అడగలేదు, మేమూ ఎత్తలేదు. సేవ అంటే నా వరకు ఆ వీధి కూడా అందులో భాగమే. మీ అబ్బాయికీ ఇటువంటి ఇళ్లు దొరుకుతాయి.

ఒంటరిగా మాత్రం ఎప్పుడూ ఉండడు. సహచరుడు పక్కనే ఉంటాడు, కనుచూపు మేరలో, మాట వినపడే దూరంలో. ఇది నియమం. ఆరు వారాలకు ఒకసారి బదిలీల సమయం వస్తుంది. అప్పుడు సహచరుడు మారవచ్చు, ఊరు మారవచ్చు, రెండూ మారకపోవచ్చు. జబ్బు చేస్తే మిషన్ అధ్యక్షుడి, అంటే ఆ ప్రాంతపు మిషనరీలందరి పెద్ద, భార్య మొదట కనుక్కుంటారు, అవసరమైతే ఆ దేశపు ప్రభుత్వ వైద్యుడి దగ్గరకు పంపుతారు. దీర్ఘకాల వీసా మీద వెళ్లేవారు వైద్య సేవకు రుసుము ముందే కడతారు కాబట్టి అక్కడ మళ్లీ డాక్టరుకు డబ్బు కట్టనక్కర లేదు. తిండి విషయంలో నిశ్చింతగా ఉండండి. ప్రెస్టన్, బోల్టన్, బ్లాక్‌బర్న్ ఊళ్లలో గుజరాతీలు తరాలుగా ఉన్నారు. కందిపప్పు, కరివేపాకు, చింతపండు అన్నీ వారి కొట్లలో దొరుకుతాయి. సంఘ సభ్యులు వారానికి కొన్ని పూటలు భోజనానికి పిలుస్తారు. అక్కడ బంగాళాదుంప లేని పూట ఉండదు, దానికి అలవాటు పడాలి.

2019 ఫిబ్రవరి దాకా ఈ పిల్లలు క్రిస్మసుకు, మాతృ దినోత్సవానికి మాత్రమే ఇంటికి ఫోను చేయాలి, మిగతా వారాల్లో ఉత్తరమో ఈమెయిలో రాయాలి. ఆ నెల నుంచి వారానికి ఒకసారి, సిద్ధపాటు దినాన, వీడియోలో మాట్లాడే అనుమతి వచ్చింది. సిద్ధపాటు దినం అంటే బట్టలు ఉతుక్కుని, సరుకులు తెచ్చుకుని, జుట్టు కత్తిరించుకునే రోజు. చాలాచోట్ల అది సోమవారం. అమ్మా, నా మనవి ఇక్కడే ఉంది. ఆ ఫోనులో వాడి ముందు ఇల్లంతా వరసగా కూర్చుని 'బాగున్నావా, బాగా జరుగుతోందా' అని అడిగితే వాడు 'బాగుంది' అనే అంటాడు. పాదిరిగారినీ మేనమామలనూ పిలిపించి వారి ముందు మాట్లాడించకండి. ఒక పది నిమిషాలు మీరొక్కరే మాట్లాడండి, ఈ వారం ఏది కష్టమనిపించిందని అడిగి, వాడు చెప్పేదాకా ఆగండి. కష్టం చెప్పుకున్న పిల్లవాడు నిలబడతాడు. దాచుకున్నవాడే ఒకనాడు ఉన్నట్టుండి కూలిపోతాడు.

ప్రశ్న: వీళ్లకు జీతం ఎంత? అమెరికా డబ్బు వస్తుందంటారు. (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: జీతం లేదు. పైగా వెళ్లే పిల్లలే, వారి కుటుంబాలే ఖర్చు భరిస్తారు. అమెరికా, పశ్చిమ ఐరోపా వంటి సంపన్న ప్రాంతాల కుటుంబాలు నెలకు 400 డాలర్ల చొప్పున కట్టేవి, 2020 జూలై నుంచి అది 500 అయింది. ఏ దేశానికి వెళ్లినా అంతే, టోక్యోకి ఎక్కువ, మనీలాకు తక్కువ అని ఉండదు. మన దేశం వంటి చోట్ల కుటుంబ స్తోమతను బట్టి ఇస్తారు, చాలని మిగతా భాగం సంఘ నిధి నుంచి వస్తుంది. పిల్లల చేతికి వచ్చేది ఆ నెల తిండికీ బస్సు చార్జీలకీ సరిపోయేంత మాత్రమే.

ప్రశ్న: నేను బోల్టన్‌లో నర్సుగా పని చేస్తున్నాను, మాది గుంటూరు. మేము హిందువులం. ఇద్దరు కుర్రాళ్లు రెండుసార్లు మా తలుపు తట్టారు, అందులో ఒకడు తెలుగువాడట. పరాయి దేశంలో తెలుగు వినపడగానే ప్రాణం లేచి వచ్చింది. కానీ మతం మారే ఆలోచన మాకు లేదు. లోపలికి రమ్మంటే ఆశ పెట్టినట్టవుతుందా? ఒకసారి టీ ఇవ్వబోతే వద్దన్నారు. ఒక రోజు మా వారు ఇంట్లో లేరని తెలిసి గుమ్మంలోనే ఆగిపోయారు. నేనేమైనా తప్పుగా మాట్లాడానా? (ఒక సోదరి, బోల్టన్)

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. టీ వారి మతాచారం ప్రకారం తాగకూడదు. మంచినీళ్లు, మజ్జిగ, పండ్లరసం ఇవ్వండి, సంతోషంగా తాగుతారు. గుమ్మంలో ఆగిపోవడం కూడా నియమమే. ఇంట్లో స్త్రీ ఒక్కరే ఉన్నప్పుడు అబ్బాయిలైన మిషనరీలు లోపలికి రాకూడదు. మరో పెద్దమనిషి, అంటే మీ వారో మీ మామగారో, ఉంటే రావచ్చు. ఇది మీ గౌరవానికీ వారి గౌరవానికీ పెట్టుకున్న కట్టుబాటు.

ఆశ పెట్టడం విషయంలో సూటిగా మాట్లాడటమే అందరికీ మేలు. 'మా నమ్మకం మాకుంది, పాఠాలు వినం, ఆదివారం మధ్యాహ్నం మా వారు ఉన్నప్పుడు వచ్చి అన్నం తిని వెళ్లండి' అని చెప్పండి. ఆ మాటకు వారు నొచ్చుకోరు. వారిని నొప్పించేది నాన్చడం. వచ్చే వారం రమ్మని చెప్పి, ఆ రోజున తలుపు తీయకుండా లోపల దీపం ఆర్పేసే ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఆ ఒక్క గంట కోసం రెండు బస్సులు మారి వచ్చిన పిల్లలు వానలో వెనుదిరుగుతారు. మీరు భోజనానికి పిలిచాక కూడా వారు మళ్లీ మళ్లీ మతం ఎత్తితే, వద్దని మరోసారి గట్టిగా చెప్పే హక్కు మీకుంది, ఆ మాటను గౌరవించవలసిన బాధ్యత వారికుంది. ఇది నేను మిషనరీలకు కూడా చెబుతున్నాను. పెట్టిన అన్నాన్ని పాఠానికి బయానాగా చూడకూడదు.

ఒకటి మాత్రం అడగాలనుంది. ఆ తెలుగు అబ్బాయితో నాలుగు మాటలు తెలుగులో మాట్లాడండి. సహచరుడికి అర్థం కాని భాషలో ఎక్కువసేపు మాట్లాడటం మర్యాద కాదని అతను తటపటాయించవచ్చు. ఒక్క నిమిషమైనా చాలు. నెలల తరబడి తెలుగు మాట నోట పలకని పిల్లవాడికి 'తిన్నావా నాన్నా' అన్న పలకరింపు ఎంత విలువైనదో అనుభవించినవారికి తెలుసు.

ప్రశ్న: మా తమ్ముడు సేవకు వెళ్లి అయిదో నెల. వారం వారం ఫోనులో నాన్న ముందు బాగున్నానంటాడు. నాకు మాత్రం విడిగా సందేశం పెట్టాడు. సహచరుడు మాట్లాడడట, తను చేసే ప్రతి పనికీ తప్పు పడతాడట. రాత్రి నిద్ర లేదు, ఆకలి లేదు, పొద్దున లేవాలంటే భయమేస్తోందట. వచ్చేయాలని ఉందట గానీ నాన్న సంఘంలో అందరికీ గొప్పగా చెప్పుకున్నారు, వీడ్కోలు కూటం పెట్టారు, దండలు వేశారు. వెనక్కి వస్తే తలెత్తుకోలేమని నాన్న అంటారని వాడి భయం. నేనేం చేయాలి? (ఒక అన్న, విశాఖపట్నం)

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీదే. ముందు చేయవలసిన పని చెబుతాను. మీ తమ్ముడు ఆ సందేశంలో రాసినది యథాతథంగా మిషన్ అధ్యక్షుడికి చెప్పాలి. ప్రతి మిషనరీ వారానికోసారి అధ్యక్షుడికి నేరుగా ఉత్తరం రాస్తాడు, దాన్ని సహచరుడు చదవడు. అందులో 'నిద్ర పట్టడం లేదు, తినలేకపోతున్నాను' అని రెండు వాక్యాలు రాస్తే చాలు. మానసిక ఆరోగ్యం గురించి సలహా ఇచ్చే నిపుణులు వారి వ్యవస్థలోనే ఉన్నారు, వారితో ఫోనులో మాట్లాడే ఏర్పాటు చేస్తారు. అతను రాయలేకపోతే మీరే మీ బిషప్పు ద్వారా కబురు చేయండి. తమ్ముడు నమ్మి చెప్పిన మాట బయట పెడుతున్నానని వెనకాడవద్దు. ముందుగా అతనితో 'నీ మేలు కోరి నేను చెప్పబోతున్నాను' అని చెప్పి మరీ చేయండి. ప్రాణం తీసుకోవాలనే మాట ఎప్పుడైనా వినపడితే మాత్రం ఎవరి అనుమతికీ ఆగకుండా ఆ క్షణమే అధ్యక్షుడికి ఫోను చేయాలి.

సహచరుడి సంగతి. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల ఇద్దరు కుర్రాళ్లు, వేర్వేరు దేశాల వాళ్లు, ఒకరినొకరు ఎంచుకోనివాళ్లు, ఇరవై నాలుగు గంటలూ ఒకే గదిలో ఉండాలి. కొత్తగా పెళ్లయిన దంపతులకు కూడా పగలంతా ఉద్యోగాల పేరుతో కాస్త ఎడం దొరుకుతుంది, వీళ్లకు అదీ లేదు. కాబట్టి చిరాకులు సహజం. చాలామటుకు అవి అలవాట్ల మీద వస్తాయి. ఒకడు పోపు వేస్తే ఇంకొకడికి ఆ ఘాటు పడదు. మనవాళ్లు చేత్తో తింటే కొందరు వింతగా చూస్తారు. అమెరికా పిల్లలు ముఖాన్నే తప్పు చెప్పేస్తారు, మనవాళ్లు లోపల పెట్టుకుని కుములుతారు. వారానికి ఒకసారి ఇద్దరూ కూర్చుని ఒకరిలోని మంచిని, ఇబ్బందిని చెప్పుకునే పద్ధతి వారికి ఉంది. అక్కడ మీ తమ్ముడు నోరు విప్పాలి. అప్పటికీ సర్దుబాటు కాకపోతే అధ్యక్షుడు జోడీని మార్చగలరు. బదిలీ వేళ దాకా ఆగలేని పరిస్థితి అయితే మధ్యలో కూడా మారుస్తారు.

ఇంతా చేశాక కూడా అతను రావలసి వస్తే రానివ్వండి. ఈ మాట మా సంఘం పెద్దల్లో కొందరికి రుచించకపోవచ్చు, అయినా నేను స్పష్టంగానే రాస్తున్నాను. ఆరోగ్యం పాడై ముందుగా తిరిగి వచ్చిన పిల్లవాడు దేవుడి దగ్గర ఏమీ ఎగ్గొట్టలేదు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు వేలాదిమంది మిషనరీలను ఉన్నపళంగా ఇళ్లకు పంపించారు, కొందరి సేవ అక్కడితోనే ముగిసింది. వారిని ఎవరూ వేలెత్తి చూపలేదు. శరీరానికి వచ్చిన ముప్పును గౌరవించినవాళ్లం మనసుకు వచ్చిన ముప్పును ఎందుకు చిన్నచూపు చూస్తున్నాం? పైగా ఇంటి దగ్గరే ఉండి సేవ కొనసాగించే ఏర్పాటు కూడా సంఘంలో ఉంది. వైద్య కారణాల వల్ల తిరిగి వచ్చినవారు దాన్ని ఎంచుకోవచ్చు.

ఇక మీ నాన్నగారు. ఆయన గొప్పగా చెప్పుకున్నది ప్రేమతోనే. కానీ కొడుకు పరువు భారాన్ని మోస్తూ ఫోనులో నవ్వుతున్నాడని ఆయనకు తెలియాలి. మీరు ఆయనతో ఏకాంతంగా మాట్లాడండి, తల్లిగారినీ కూర్చోబెట్టుకోండి. వచ్చే సోమవారం ఫోనులో ఆయన నోటి నుంచి రావలసిన మాట ఒకటుంది: 'ఉండగలిగితే ఉండు, లేకపోతే వచ్చేయ్, రెండింటికీ ఇంటి తలుపు తెరిచే ఉంటుంది.' ఈ మాట విన్నాక ఉండిపోయిన పిల్లలను నేను చూశాను. వెళ్లే దారి ఉందని తెలిసినప్పుడు ఉండటం తేలికవుతుంది. ఒకవేళ అతను వచ్చేసినా ఆ మాట వృథా కాదు.

ప్రశ్న: మా అమ్మాయి కూడా వెళ్తానంటోంది. పెళ్లి వయసు, రెండేళ్లు పోతే సంబంధాలు రావని బంధువులు భయపెడుతున్నారు. అమ్మాయిలు వెళ్లి తీరాలా? (ఒక తండ్రి, హైదరాబాదు)

జవాబు: వెళ్లి తీరాలన్న నియమం అమ్మాయిలకు లేదు. అబ్బాయిల సేవను బాధ్యతగా చూస్తారు, అమ్మాయిలకు అది వారి ఇష్టం. సేవ పద్దెనిమిది నెలలే. ఇద్దరు అమ్మాయిలు కలిసే ఉంటారు, చీకటి పడ్డాక ఎక్కడ తిరగకూడదో స్థానికంగా నియమాలు ఉంటాయి. సంబంధాల మాటకొస్తే, పరాయి దేశంలో ఇల్లు నడుపుకుని, ముక్కూ ముఖం తెలియనివారితో ధైర్యంగా మాట్లాడి వచ్చిన పిల్లను వద్దనే ఇంటికి మీ అమ్మాయిని ఇవ్వకపోవడమే నయం. అయితే ఆమె వెళ్లాలనుకోవడం తన కోరికేనా, లేక స్నేహితురాళ్లు వెళ్తున్నారనా అన్నది మాత్రం నిదానంగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: పాశ్చాత్యులు మన దేశానికి రావడమే విన్నాం. తెలుగువాళ్లు ఇలా విదేశాలకు సువార్త సేవకు వెళ్లడం ఈ తరంలోనే మొదలైందా? (ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు)

జవాబు: కాదండీ, దీనికి వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడతో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలీల వలస మొదలైంది. చెరకు తోటల్లోకి, ఆ తర్వాత తేయాకు తోటల్లోకి వేలాదిమంది తెలుగువారు వెళ్లారు. అక్కడున్న తెలుగు బాప్టిస్టులు తమకు కాపరి కావాలని కోరగా, 1903లో తెలుగు బాప్టిస్టుల మిషనరీ సమాజం జాన్ రంగయ్య గారిని పంపించింది. ఆయన కియర్స్‌నీ తేయాకు తోటలో సంఘాన్ని స్థాపించి, కూలీల బస్తీల మధ్య తిరిగి, 1915లో ఆ దేశంలోనే కన్నుమూశారు. ఆయన వెళ్లింది విదేశీ సంస్థ జీతం మీద కాదు. ఇక్కడి తెలుగు విశ్వాసుల కానుకలతో వెళ్లారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదోనని నాకు ఎప్పుడూ బాధే.

మా సంఘం విషయానికి వస్తే దారి కాస్త చిత్రంగా ఉంది. 1850లలో కలకత్తాకు వచ్చిన మోర్మన్ మిషనరీల కృషి నిలవలేదు. హైదరాబాదులో నిలిచిన సంఘానికి మూలం ఒక తెలుగు కుటుంబం. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా దీవుల్లో ఉండగా ఈ విశ్వాసంలోకి వచ్చి, 1978 డిసెంబరులో స్వల్పకాల సేవకు హైదరాబాదు వచ్చి తమ బంధువులకే మొదట బోధించారు. ఆ సంఘ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించే పనిని తలకెత్తుకున్నవారు ఎల్సీ గారి తండ్రి, ఆయన బాప్టిస్టు పాదిరి. 2012 మేలో దేశంలోనే మొదటి స్టేకు, అంటే అనేక స్థానిక సంఘాల కూటమి, హైదరాబాదులో ఏర్పడింది. సమోవా నుంచి వచ్చిన ఆ విశ్వాసంలో పెరిగిన పిల్లలు ఇప్పుడు ప్రెస్టన్ వీధుల్లో నడుస్తున్నారు. 1837 జూలైలో అమెరికా నుంచి వచ్చిన మొదటి మిషనరీలు ఆ ఊరి రిబుల్ నదిలోనే మొదటి బాప్తిస్మాలు ఇచ్చారు. ఎవరు ఎవరికి మిషనరీ అన్నది కాలాన్ని బట్టి తిరుగుతూ ఉంటుంది.

ప్రశ్న: మనవడు నవంబరులో మాంచెస్టరు వెళ్తున్నాడు. పెట్టెలో ఏమేం సర్దాలి? నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి చేయించాను. (ఒక నాయనమ్మ, భీమవరం)

జవాబు: నాయనమ్మగారూ, మీరు చేయించినవి మూడూ ఇంట్లోవారికి పంచేయండి. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తీసుకువెళ్లడం నిషిద్ధం, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి పెట్టవచ్చు. నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి, చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలో సర్దించండి. కోట్లు ఇక్కడ కొనకండి, మన ఊళ్లో దొరికే స్వెట్టరు ఆ వానకు ఆగదు. అక్కడే మంచివి సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. బూట్లు మాత్రం నీళ్లు లోపలికి రానివి, మందపాటి అట్ట ఉన్నవి రెండు జతలు కొనండి. ఒక జత ఆరుతుంటే రెండోది వేసుకోవాలి. ఉన్ని మేజోళ్లు ఎన్ని పెట్టినా ఎక్కువ కావు. తర్వాత పంపే పార్సిళ్లు గది చిరునామాకు పంపకండి. ఆరు వారాలకోసారి బదిలీలు ఉంటాయి కాబట్టి మిషన్ కార్యాలయం చిరునామాకు, పేరుపలక మీద ఉండే ఇంటిపేరుతోనే పంపండి, అతను ఏ ఊళ్లో ఉన్నా అక్కడికి చేరుస్తారు.